హింస రక్తమునఁ బుట్టునా?

నందవరము మొదలుకొని యెమ్మిగనూరు, ఆదవాని వఱకు ఏ రచ్చబండయొద్దఁ గూర్చున్నను, ఊరఁ గొట్లాట జరిగిన మఱునాఁ డొకమాట వినఁబడును: "వాని తండ్రియు నట్టివాఁడే, అది రక్తములోని గుణము." ఆ మాట యిరువురిని విడిచిపెట్టుచున్నది: కొట్టినవానిని, వానిని బెంచినవారిని. కావున దానిని బరీక్షింపవలసియున్నది.

ఒకప్పు డీ మాటను ప్రభుత్వమే చట్టముగాఁ జేసెను. 1871లో పుట్టి, 1911లో మద్రాసు రాజధానికిని వర్తించిన నేరస్థజాతుల చట్టము, ఎఱుకలవంటివారిని పుట్టుకచేతనే దొంగలుగా నెంచి పోలీసు పట్టీల కెక్కించెను. వారు పూర్వము పశువులపై ఉప్పును ధాన్యమును మోసి యమ్ముకొనిన వర్తకులు. రైళ్లును ఉప్పుపన్నును ఆ బేరమును మ్రింగినవి. కూడు పోయినవానిని దొంగయనిరి; వాని బిడ్డను పుట్టుదొంగయనిరి! నేఁటి బాపట్ల జిల్లాలోని స్టువర్టుపురము 1913 ప్రాంతమున సాల్వేషన్ ఆర్మీవారి చేతిక్రింద నట్లు వెలసినదే. 1952 ఆగష్టు 31న చట్టము రద్దయ్యెను, పేరు మాత్రము పోలేదు. 1970ల నుండి హేమలతా లవణం, లవణం దంపతు లాయూరఁ బనిచేయఁగాఁ బలువురు దొంగతనము మానిరి. వారి రక్తము మాఱలేదు గదా. దొంగతనమునకుఁ జెప్పిన తర్కమునే నేఁడు దౌర్జన్యమునకును జెప్పుచున్నారు.

అట్లని పుట్టుకకుఁ బాత్రయే లేదని మేము చెప్పము. న్యూజీలాండులోని డ్యునెడిన్ నగరమునఁ బుట్టిననాఁటినుండి పరిశీలింపఁబడిన మగవారిని గూర్చి 2002లో నొక పరిశోధన వెలువడెను. ఒకానొక జన్యురూపము గలవారిలో బాల్యమున హింస ననుభవించినవారే యెక్కువగా దౌర్జన్యపరులైరి. అట్టి బాధ లేక పెరిగినవారి కా జన్యువు అంత చేటు చేయలేదు. తరువాతి పరిశోధన లన్నియు దీనితో నేకీభవింపలేదు. ఒక్క జన్యువు మనుష్యుని నడవడిని నిర్ణయింపదనుట మాత్రము నిశ్చయము. నల్లరేగడిలో ప్రత్తి వేయువారికి విత్తొక్కటే పంట గాదని మేము చెప్పవలెనా?

మన సీమలోఁ గక్షలుగల యిండ్లయందు, చంపఁబడిన తండ్రిని దలఁచుకొని, శత్రువు పేరు చెప్పి బిడ్డకు అన్నము తినిపించు తల్లు లుందురు. ఆమె దుఃఖమును మేము నిందింపము. కాని యా బిడ్డ యిరువదియేండ్లకుఁ గత్తి పట్టిననాఁడు తండ్రి రక్తమే పట్టించెనని రచ్చబండపై ననుట యెట్లు? పుట్టిననాఁడు వాని కా పేరు తెలియదు. ఆఱేండ్లకుఁ దెలిసెను. నేర్పినవారు పరలోకమునుండి దిగిరాలేదు. వారు మన వీధివారే. వారిలో మేమును ఉండవచ్చును.