ఓర్పు ఎవరు ఎవరికి చెప్పాలి?

తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు వైమానిక దళం ఏఎన్-32 విమానంలో జవాన్లకు మూడు గంటలకు పైనే పడుతుంది. సీట్లంటే గోడల వెంట బిగించిన గుడ్డ పట్టీలే. మధ్యలో తాళ్లతో కట్టిన సరుకు. ఎదురుగా కూర్చున్నవాడి మోకాలు తగలకుండా కాలు చాపడం కుదరదు. కాసేపటికే నడుం పట్టేస్తుంది, పాదాలు జిల్లుమంటాయి, ఇంజన్ల మోతకు చెవుల్లో దూది కుక్కుకోవాలి. అయినా కిట్‌బ్యాగు మీద పేకముక్కలు పడతాయి. మాట వినబడదు కనుక ఆట, తగువు, నవ్వు అన్నీ సైగలతోనే.

ఆ విమానంలో నవ్విన జవానే సెలవు మీద ఇంటికెళ్తూ రైల్లో బెర్తు ఇరుకైతే విసుక్కుంటాడు. నడుం అదే, నొప్పి అదే. మరి తేడా ఎక్కడుంది?

చలి, వేడి, సుఖం, దుఃఖం వచ్చిపోయేవని, వాటిని ఓర్చుకొమ్మని గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుడికి చెప్పాడు. ఈ ఓర్పు పేరే తితిక్ష. బుద్ధుడు ఇంకాస్త విడమరిచాడు. ఒంటికి తగిలే బాణం ఒకటి, దాన్ని తలచుకుని మనసు తనకు తానే గుచ్చుకునే బాణం ఇంకొకటి అన్నాడు. సైనిక విమానంలో మొదటిది అందరికీ తగులుతుంది. రెండోది అంతగా గుచ్చుకోదు, ఎందుకంటే అక్కడ సుఖం దక్కుతుందని ఎవరూ ఆశపడి ఎక్కరు, పక్కవాడికి దక్కిందన్న బాధా ఉండదు.

ఇంతవరకూ బాగానే ఉంది. అయితే 2021 ఆగస్టు 15న, తాలిబన్ల చేతికి చిక్కిన కాబూల్ నుంచి జనాన్ని తరలిస్తూ అమెరికా సీ-17 విమానం ఒకటి 823 మందితో లేచింది. మామూలుగా అది వందమందికి పైచిలుకు సైనికులను మోసే విమానం. జనం నేల మీదే ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. వాళ్ల సహనాన్ని తితిక్ష అని మెచ్చుకోవడం అన్యాయం. వాళ్లకు వేరే దారి లేదు. శంకర సంప్రదాయంలో తితిక్ష సాధకుడు తనంతట తాను అలవరచుకోవలసిన ఆరు గుణాల్లో ఒకటి. ఎదుటివాడి నొప్పికి మందుగా దాన్ని రాసివ్వడానికి ఎవరికీ అధికారం లేదు.

ఎదుటివాడి నొప్పికి చేయవలసిందేమిటో ఆ వారంలోనే కనిపించింది. జర్మనీలోని రామ్‌స్టైన్‌కు వెళ్తున్న మరో సీ-17లో ఒక అఫ్గాన్ మహిళకు నొప్పులు మొదలయ్యాయి. రక్తపోటు పడిపోయి ఆమె పరిస్థితి విషమించింది. కమాండర్ విమానాన్ని తక్కువ ఎత్తుకు దించి నడిపారు. లోపల గాలి పీడనం పెరిగి ఆమె కుదుటపడింది. విమానం దిగాక వైద్య సిబ్బంది లోపలికే వచ్చి, సరుకు పెట్టే ఆ చోటే పురుడు పోశారు. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డలను దగ్గర్లోని ఆసుపత్రికి తరలించారు.