సునీతి చెప్పిన తొలి పాఠము

భర్త తోడు లేక, పదేండ్ల కుమారునకు ఇంటనే తాను చదువు చెప్పుకొను తల్లులు నేడును కలరు. లెక్కలు, భాష నేర్పుట కంటె, "నాన్నగారు మన దగ్గర ఎందుకు లేరమ్మా?" అని బిడ్డ అడిగినపుడు బదులు చెప్పుటయే వారికి కష్టము.

శ్రీమద్భాగవతము చతుర్థ స్కంధమున సునీతీదేవికి ఇట్టి ఘడియయే వచ్చినది. తండ్రి తొడ నెక్కబోయి, సవతితల్లి సురుచి పలుకులకు నొచ్చి, ఐదేండ్ల ధ్రువుడు ఏడ్చుచు తల్లిని చేరెను. ఆమెయు కన్నీరు పెట్టినది. తన దుఃఖమును దాచలేదు. అయినను పరులకు కీడు తలపవలదనియు, శ్రీహరి పాదములనే ఆశ్రయింపుమనియు బోధించినది. ఆ మాట పట్టుకొని ధ్రువుడు పురము వీడగా, నారదుడు ఎదురై ద్వాదశాక్షరీ మంత్రము నుపదేశించి మధువనమునకు పంపెను.

కడపట దివ్యవిమాన మెక్కిన వేళ ధ్రువుడు తల్లినే తలచెను. ఆమె వేరొక విమానమున ముందే సాగుచుండుటను విష్ణుపార్షదులు చూపిరి.

అమ్మలారా! లెక్క తప్పినచో రేపు దిద్దవచ్చును. పసిమనసున నాటిన ద్వేషమును పెరికివేయుట దుష్కరము. మీకు తెలిసినది నేర్పుడు, తెలియనిదానికి గురువును వెదకుడు. తల్లి చూపిన త్రోవలోనే కదా ధ్రువునకు నారదుడు ఎదురైనది!