పునఃశ్రవణం: అలవాటా, అనురాగమా?

చెప్పిన మాటనే మళ్లీ చెప్పడాన్ని మన ఆలంకారికులు పునరుక్తి దోషంగా పరిగణించారు. ఒక గ్రంథ తాత్పర్యాన్ని నిర్ణయించే ఆరు లింగాలను పేర్కొన్న శాస్త్రకారులు మాత్రం వాటిలో అభ్యాసానికి, అంటే ఒకే విషయాన్ని పదే పదే ప్రతిపాదించడానికి, గౌరవస్థానమిచ్చారు. ఆ పట్టికలో అభ్యాసం వెంటనే కనిపించేది అపూర్వత. పాతదాన్ని మళ్లీ పలకడం, కొత్తదాన్ని తెలియజేయడం పరస్పర విరుద్ధాలు కావన్న సూచన ఆ క్రమంలోనే ఉన్నట్లు తోస్తుంది. కావ్యంలో దోషమైనది శాస్త్రంలో ప్రమాణమెలా అయింది? ఈ ప్రశ్న పండితగోష్ఠికే పరిమితం కాదు. ఇష్టమైన పాటల సంపుటిని ఏళ్ల తరబడి వింటూ ఉండే సామాన్యుడి విషయంలోనూ అది ఉదయిస్తుంది. పుస్తకాన్ని పదిసార్లు చదివినవాణ్ణి అధ్యయనశీలి అంటాం. పాటను వందసార్లు విన్నవాణ్ణి మాత్రం కాలం వృథా చేస్తున్నాడంటాం. ఈ తీర్పు న్యాయమైనదేనా?

దీన్ని పరిశీలించడానికి అండమాన్ నికోబార్ దీవులకంటె అనువైన చోటు అరుదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలనుండి తరలివెళ్లిన మత్స్యకార కుటుంబాలు, కూలిపనులకు, ఉద్యోగాలకు వెళ్లినవారు అక్కడే స్థిరపడి తరాలు గడిచాయి. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు విశాఖనుండి గాని, చెన్నైనుండి గాని దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. నౌకలో ఆ ప్రయాణానికి దాదాపు మూడు రోజులు పడుతుంది. బియ్యం, బట్టలు, ఉత్తరాలు, పాటలు అన్నీ సముద్రం మీదుగానే చేరవలసిన కాలం చాలాకాలం సాగింది.

పోర్ట్ బ్లెయిర్ ఆకాశవాణి కేంద్రం 1963లో ప్రారంభమయింది. ఫిలిప్స్ సంస్థ ఐరోపాలో క్యాసెట్టును ప్రవేశపెట్టిన సంవత్సరం కూడా అదే. ఆకాశవాణి వినిపించే పాట తన వేళకు వచ్చి, తన దారిన పోయేది. క్యాసెట్టు మాత్రం పాటను శ్రోత చేతికి అప్పగించింది. అయితే అది కొన్ని నియమాలను కూడా విధించింది. అరవై నిమిషాల క్యాసెట్టులో ఒక్కొక్క వైపు ముప్పై నిమిషాలు. నచ్చిన పాటకోసం టేపును ముందుకో వెనక్కో తిప్పడం శ్రమ. టేపు తెగితే కొత్తది దొరకాలంటే మళ్లీ నౌక రావాలి. అందువల్ల నచ్చిన పాటతోపాటు నచ్చని పాటనూ వినవలసి వచ్చేది. నచ్చని పాట పదోసారికి పరిచయమై, ఇరవయ్యోసారికి ఆత్మీయమయ్యేది.

ఆ కాలాన్ని తలచుకొని మురిసిపోవడం సులభం. కాని లేమివల్ల కలిగిన నియమాన్ని నిష్ఠ అనవచ్చునా? ఆకలితో ఉన్నవాడు పస్తుంటే అది ఉపవాసం కాదు. నాలుగే క్యాసెట్లు ఉన్న ఇంట్లో వాటినే తిప్పి తిప్పి వినడం పరిస్థితి పెట్టిన నిర్బంధం. దానిలో మాధుర్యం ఉండవచ్చు గాని నైతికమైన ఎంపిక లేదు.

ఎంపిక ఆ తరువాత వచ్చింది. చెన్నైనుండి సముద్రగర్భం గుండా వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ వ్యవస్థ 2020 ఆగస్టు 10న ప్రారంభమయింది. అంతవరకు ఉపగ్రహాలమీద ఆధారపడిన ద్వీపవాసులకు లోకంలోని సంగీతమంతా అరచేతిలోకి వచ్చింది. ఇప్పుడొక శ్రోత లక్షల పాటలను పక్కనపెట్టి పాత సంపుటినే మళ్లీ ఎంచుకుంటే, దానికి లేమి కారణం కాదు. ఆ ఎంపిక వెనుక ఉన్నది అలవాటా, అనురాగమా అని అడగవలసింది అప్పుడే.

అలవాటు చేసే అపకారానికి తెలుగువారి ఇళ్లలోనే ఒక నిదర్శనముంది. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూసిన ఘంటసాల వెంకటేశ్వరరావు తన చివరికాలంలో భగవద్గీత శ్లోకాలను తెలుగు తాత్పర్యంతో గానం చేశారు. తెలుగు నేలమీద అంతగా వినిపించిన ధ్వనిముద్రణలు బహు కొద్ది. కాని కాలక్రమేణా అది మృతుల ఇళ్లముందు, అంతిమయాత్రా వాహనాలలో మోగే సంకేతంగా మారింది. కర్తవ్యవిముఖుడైన యోధుణ్ణి మళ్లీ కార్యోన్ముఖుణ్ణి చేసిన బోధ, ఆ కంఠం వినబడగానే ఎవరు పోయారని అడిగే స్థితికి దిగింది. అందరి చెవినా పడినది అందరూ విన్నదని చెప్పలేం. పునఃశ్రవణం తనంత తాను గుణం కాదు. శ్రద్ధ తొలగిపోతే అది చెవిటితనానికి మరో పేరు.

మరి మళ్లీ వినదగినదేది? క్షణక్షణమూ నూతనత్వం పొందేదే రమణీయమన్నాడు మాఘుడు. ఇళయరాజా 1986లో త్యాగరాజుకూ, జర్మన్ స్వరకర్త బాఖ్‌కూ అంకితమిచ్చిన 'హౌ టు నేమ్ ఇట్' అనే వాద్యసంగీత సంపుటి ఇందుకు మంచి ఉదాహరణ. తొలిసారి విన్నప్పుడు వయొలిన్ పలికే రాగం చెవికి అందుతుంది. మరికొన్నిసార్లు విన్నాక దాని కింద మరొక స్వరపంక్తి నడుస్తున్న జాడ తెలుస్తుంది. మన రాగమూ పాశ్చాత్యుల స్వరమేళనమూ ఎక్కడ చేతులు కలిపాయో, ఎక్కడ మర్యాదగా తప్పుకొన్నాయో ఆ తరువాత గాని బోధపడదు. అపూర్వత ఇక్కడ కృతిలోనే నిక్షిప్తమై ఉంది.

ఇంత లోతులేని పాటల మాటేమిటి? 1981లో బిడ్డూ స్వరపరచగా నాజియా హసన్ పాడిన 'డిస్కో దీవానే' వంటి సంపుటి నర్తించడానికి పుట్టింది. నలభై ఏళ్ల తరువాత దాన్ని వినేవారికి పాటలో కొత్త స్వరం కనిపించకపోవచ్చు. కాని విన్నవాడు పాతవాడు కాడు. పాట కదలకుండా నిలిచినందువల్లనే తాను ఎంత దూరం నడిచాడో అతనికి తెలుస్తుంది. డెన్మార్కు తత్త్వవేత్త కీర్కెగార్డ్ 1843లో వెలువరించిన 'పునరావృత్తి' అనే గ్రంథంలోని కథకుడు, పాత ఆనందాన్ని మళ్లీ పొందగోరి బెర్లిన్ వెళ్లి భంగపడతాడు. ఉన్నది ఉన్నట్లు తిరిగి రావాలని కోరితే పాట కూడా అలాగే నిరాశపరుస్తుంది. మార్పును ఎదుర్కొనే ధైర్యముంటే సామాన్యమైన పాట కూడా అద్దమవుతుంది.

ఇంతవరకు చెప్పినది శ్రోత పొందే లాభాన్ని గురించి. శ్రోతకొక బాధ్యత కూడా ఉందని ఆ దీవుల ఆదివాసుల చరిత్ర తెలుపుతుంది. 1906, 1908 మధ్య అక్కడ పరిశోధన చేసిన మానవశాస్త్రజ్ఞుడు రాడ్‌క్లిఫ్ బ్రౌన్, అండమాన్ ఆదివాసులలో ప్రతి పురుషుడూ తన పాటను తానే కట్టుకొనేవాడనీ, నృత్యవేళ ఒకరు కట్టిన పాటను మరొకరు పాడేవారు కారనీ 1922లో ప్రకటించిన గ్రంథంలో రాశాడు. స్త్రీలు పల్లవి అందుకొనేవారు. ఆ సంప్రదాయంలో పాట మనిషి సొత్తు కాదు, మనిషి ఉనికి. అతడున్నంత కాలమే అది ఉండేది. మళ్లీ వినాలంటే అతని దగ్గరికే వెళ్లాలి. మీట నొక్కితే పలికే గొంతుకు అలవాటుపడిన లోకం, ప్రతి గొంతు వెనుకా ఒక మనిషి ఉన్నాడన్న ఈ మర్యాదను మరచిపోకూడదు.

2010 జనవరి 26న బోవా సీనియర్ అనే వృద్ధురాలు మరణించింది. గ్రేట్ అండమానీస్ కుటుంబానికి చెందిన బో భాషకు ఆమే చివరి వక్త. భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బి ఆమె మాటలను, పాటలను ధ్వనిముద్రణ చేశారు. కనుక ఆ కంఠాన్ని ఈనాటికీ ఎన్నిసార్లయినా వినవచ్చు. కాని ఆ మాటకు ఆ భాషలోనే బదులు పలికేవారు లేరు. యంత్రం ధ్వనిని కాపాడుతుంది. సంభాషణను కాపాడగలిగేది మనిషే.

ఈ దృష్టితో చూస్తే ద్వీపాలలోని తెలుగు ఇంట్లో మోగే పాత పాటకు మరో అర్థం ఏర్పడుతుంది. తెలుగు కోట్ల మంది భాష. దానికి బో భాషకు కలిగిన గతి పట్టలేదు. అయినా ఒక భాష ఒక ఇంట్లో ఆగిపోవడానికి లోకమంతటా ఆగిపోనక్కరలేదు. వివిధ భాషలవారు హిందీలో కలుసుకొనే ఆ దీవులలో బడికీ బజారుకూ తెలుగు అవసరం తక్కువ. తాత వింటున్న పాటలోని మాటకు అర్థమేమిటని మనుమరాలు అడిగినప్పుడు, ఆయన పాటను ఆపి చెప్పగలిగితే ఆ పునఃశ్రవణం సార్థకం. అడిగేవారు లేక, చెప్పే ఓపిక లేక పాట మోగుతూ పోతే, అది ఎంత మధురమైనా ఆ ఇంటికి జ్ఞాపకంగానే మిగులుతుంది.

అభ్యాసం తాత్పర్యానికి గుర్తు అన్న శాస్త్రవచనానికి ఇక్కడ జీవితం చెప్పే భాష్యం ఇది: దేన్ని మళ్లీ మళ్లీ వింటామో దానికి మనం జవాబుదారులమవుతాం. తానొక్కడే వినడం అలవాటుగా ముగియవచ్చు. మరొకరికి విప్పి చెప్పగలిగేలా వినడమే అనురాగం.