రక్తంలో హాలాహలం: డయాలసిస్‌లో ఉన్నవారు ఉపవాసం చేయవచ్చా?

కార్తీకం దగ్గరపడిందంటే మాకు తప్పకుండా వచ్చే ప్రశ్న ఇది. "నాన్నగారికి డయాలసిస్ నడుస్తోందండీ. అయినా ఏకాదశి ఉపవాసం మానరు. పళ్ళు, కొబ్బరినీళ్ళే కదా, ఏమవుతుందిలే అంటారు." అడిగేది ఎక్కువగా హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకుంటున్న పిల్లలు. ఫోన్‌లో చెప్తే పెద్దవాళ్ళు వినరు మరి!

క్షీరసాగర మథనం కథ మీకు తెలుసు. అమృతం కోసం చిలికితే ముందు వచ్చింది హాలాహలం. అది ఎవరికో పడిన శిక్ష కాదు, చిలికితే పుట్టింది, అంతే. మన ఒంట్లోనూ అలాంటిదే జరుగుతోంది. పప్పు, పాలలోని ప్రోటీన్ విడిపోయేటప్పుడు అమ్మోనియా పుడుతుంది. కాలేయం దాన్ని యూరియాగా మారుస్తుంది. మూత్రపిండాలు రోజుకి సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, దాదాపు అంతా తిరిగి రక్తానికే ఇచ్చేసి, యూరియా, క్రియాటినిన్ లాంటి వ్యర్థాల్ని ఒకటి రెండు లీటర్ల నీటితో బయటికి పంపేస్తాయి. అడగకుండానే లోపల ఒక నీలకంఠుడు పని చేసుకుపోతున్నాడన్నమాట.

ఆ పని ఆగితే విషం రక్తంలోనే పేరుకుపోతుంది. డాక్టర్లు దీన్నే యురీమియా అంటారు. అన్నం సహించదు, వికారం, నోట్లో ఇనుము నాకినట్టు రుచి, ఒళ్ళంతా దురద. ముదిరితే మగత, మాట తడబాటు, ఇంట్లోవాళ్ళనే గుర్తుపట్టకపోవడం. ఇక్కడే కొన్ని ఇళ్ళలో గాలి సోకిందని తాయెత్తు కట్టించి రెండు రోజులు చూస్తారు. ఆ రెండు రోజులే ప్రాణం మీదికి తెస్తాయి. దిష్టి తీయండి, ఎవరొద్దన్నారు? తీసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

"ఏ జన్మలో చేసుకున్న పాపమో" అని మాత్రం రోగి వినేలా అనకండి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం చూడండి. షుగర్ లేదు, బీపీ లేదు, పొలంలో కష్టపడి బతికే మనుషులు. ఊరూరా కిడ్నీ జబ్బు. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలే ఇంకా తేల్చలేదు. మనం కూర్చుని పాపం లెక్కలు వేస్తామా?

ఆ ఉద్దానం కొబ్బరితోటలకి పేరు. కానీ కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకి ఆ కొబ్బరినీళ్ళే ప్రమాదం. వాటిలోనూ అరటిపండులోనూ పొటాషియం ఎక్కువ. అది బయటికి పోయే దారి లేక రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ఏ సూచనా లేకుండా ఆగిపోతుంది కూడా. అంటే మనం "సాత్వికం" అనుకునే ఫలాహారమే వీళ్ళకి అన్నం కంటే గండం.

నాన్నగారు శాస్త్రం అడిగితే గీత 17వ అధ్యాయం, 5, 6 శ్లోకాలు తీసి చూపించండి. శాస్త్రం చెప్పని ఘోర తపస్సుతో శరీరాన్ని పీడించేవాళ్ళు లోపల ఉన్న నన్ను కూడా పీడిస్తున్నారని స్వామే అంటాడు. నా మాట కాదు, ఆయన మాట.

గుడిలో కొబ్బరినీళ్ళ తీర్థం ఇస్తే కళ్ళకద్దుకుని తలమీద చల్లుకోమనండి. ఏం తినాలో, రోజుకి ఎన్ని నీళ్ళు తాగాలో ఆయన డాక్టరుగారినే అడగండి. ఏకాదశి నాడే డయాలసిస్ పడిందా? మానొద్దు, వాయిదా వెయ్యొద్దు. చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టి విష్ణుసహస్రనామం ఆన్ చేసి రండి. ఆ నాలుగు గంటల్లో ఎన్ని పారాయణలైనాయో ఇంటికొచ్చాక ఆయనే లెక్క చెప్తారు.