ఆవు నొప్పి, రాబందు ప్రాణం

డైక్లోఫెనాక్ పశువుల వాపును, నొప్పిని తగ్గించే మందు. సూది వేసిన కొద్దిరోజులకే పశువు చచ్చిపోతే, ఆ కళేబరం తిన్న రాబందుకు మూత్రపిండాలు దెబ్బతిని, లోపలి అవయవాల మీద సుద్దపొడిలా యూరిక్ ఆమ్లం పేరుకుంటుంది. 2004లో ఈ సంగతి రుజువైంది. 2006లో కేంద్రం పశువుల కోసం దాని తయారీని ఆపించింది.

తమిళనాడులోని కోవిల్‌పట్టి, విరుదునగర్ నల్లరేగడి పల్లెల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగు రాజకంబళ నాయకర్లకు ఎద్దు దైవసమానం. దేవుడి పేర విడిచిన ఎడ్లను పూజిస్తారు. కుంటుతున్న ఎద్దుకు మందు వేయించడం అక్కడ ధర్మమే. అయితే రామాయణం విన్నవాళ్లకు రాబందైన జటాయువూ పూజ్యుడే. మరి రాబందు చావు పాపం ఎవరిది? బౌద్ధం సంకల్పాన్ని చూడమంటుంది. జైనం అజాగ్రత్తనూ హింసలోనే కలుపుతుంది. సంగతి తెలియనంతకాలం మొదటి మాట రైతును కాపాడింది. తెలిశాక రెండోదానిదే బలం, ఎందుకంటే పశువు నొప్పి తగ్గించి రాబందును బతకనిచ్చే మెలాక్సికామ్ దొరుకుతోంది. ఇక ధర్మసంకటమే లేదు.

మనుషుల కోసం అమ్మే డైక్లోఫెనాక్ పెద్ద సీసాలు పశువులకు మళ్లుతున్నాయని 2015లో ఆ ఇంజెక్షన్‌ను 3 మిల్లీలీటర్లకు కుదించారు. రాబందులకు అలాగే ప్రమాదకరమైన కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను పశువైద్యంలో 2023లో నిషేధించారు.