పెరట్లో నీళ్ళు

హ్యూస్టన్‌లో మేం కొన్న పాత ఇంటి పెరట్లో 1960లనాటి స్విమ్మింగ్ పూల్ ఉంది. ప్లాస్టర్ పెచ్చులూడుతోంది, అంచు టైల్స్ లేచిపోయాయి. నీళ్ళు తోడించి, పాత ప్లాస్టర్ కొట్టించి కొత్తది వేయిస్తే పదేళ్ళకు పైగా నిలుస్తుందట. నాకు మాత్రం పూడ్పించెయ్యాలనిపించింది.

ఆ దశకంలోనే మిసిసిపీలోని జాక్సన్ నగరం, నల్లజాతి వాళ్ళతో కలిసి ఈదాల్సివస్తుందని తన పబ్లిక్ పూల్స్ మూసేసింది. 1971లో సుప్రీంకోర్టు ఐదుగురు అవునని, నలుగురు కాదని ఆ పని సమర్థించింది. అందరికీ మూశారు కనక వివక్ష కాదట! ఉన్నవాళ్ళకి పెరళ్ళున్నాయి.

మా ఊళ్ళో దిగుడుబావిలోకి అన్నయ్యలు దూకేవారు. నేను గట్టుమీద వాళ్ళ బట్టలకి కాపలా. దళితవాడ ఆడవాళ్ళు, ఎవరైనా తోడిపోస్తారని బిందెలతో దూరంగా నిలబడేవారు. అన్నయ్యలు ఒళ్ళు కడుక్కున్న నీళ్ళు వాళ్ళు ముట్టుకుంటే మైలపడతాయి మరి. నాకు ఈత రాకపోవడం గురించి చాలాసార్లు రాశాను. ఆ బిందెల గురించి ఇదే మొదటిసారి.

పూడ్పిస్తే నా మనసు తేలికపడుతుందేమో గానీ, అదీ జాక్సన్ చేసిన పనే, ఎవరికీ లేకుండా చెయ్యడం. అందుకే బాగుచేయిస్తున్నాను. ఈతకి ఎవరెవరిని పిలవాలన్నది మాత్రం మా ఇంట్లో ఇంకా తెగలేదు.