అవధూతకు గురువైన శరకారుడు

శ్రీమద్భాగవతము ఏకాదశ స్కంధమున శ్రీకృష్ణ భగవానుడు ఉద్ధవునకు అవధూతోపాఖ్యానమును వినిపించెను. తనకు ఇరువదినలుగురు గురువులని అవధూత యదు మహారాజుతో చెప్పినాడు. భూమి మొదలుకొని కందిరీగ వఱకు గల ఆ గురువులలో శాస్త్రపండితుడు ఒక్కడును లేడు. కాని చేతిపనితో బ్రదుకు వృత్తికారుడు ఒకడు కలడు. అతడే బాణములు చేయు శరకారుడు.

అతడు బాణమును సరిచేయుచుండగా ప్రక్కనుండియే రాజు వెడలిపోయెను. అతడు చూడలేదు. రాజు వెడలునప్పుడు వెంట పరివారము, సందడి లేకుండునా? అదియునుగాక, బాణములు కావలసినది రాజునకే గదా! లేచి నమస్కరించినచో వ్యాపారమునకు మేలు కలుగునని ఎవరికైనను తోచును. స్వతంత్రవృత్తిలో నున్నవానిని పనినుండి లాగునవి సోమరితనపు వేషముననే రావు. లాభము వేషమునను, మర్యాద వేషమునను వచ్చుచుండును.

ఇంట మగ్గము గల నేతగానిని చూడుడు. రమ్మని పిలిచెడి గంట లేదు, ఆలస్యమునకు కోపించెడి అధికారి లేడు. వీధిలో అలికిడి విని లేచును. వచ్చినవానితో నాలుగు మాటలాడును. మరల కూర్చుండునప్పటికి చేతి లయ తప్పియుండును. పరధ్యానమున తెగిన పోగును చూడక నేసినచో ఆ మేరకు విప్పవలసినదే. గడువునకు చీర దిగకున్న నూలు బాకీ నిలిచిపోవును. ఆ లోటు చివరకు పిల్లల కంచములో కనబడును. తనకు యజమాని లేడనుకొనుటయే ఇచ్చట మొదటి పొరపాటు. ఏ పని చేసినను తనకు అర్పింపుమని గీత తొమ్మిదవ అధ్యాయమున భగవానుడు చెప్పియున్నాడు గనుక, భక్తుని మగ్గమునకు యజమాని కలడు.

శరకారుని ప్రస్తావించుటకు ముందు అవధూత ఆసనజయమును, శ్వాసజయమును, వైరాగ్యాభ్యాసములను చెప్పెను. ధ్యానమునకు చెప్పినవే యైనను, కూర్చున్న చోట కూర్చుండగలుగుట పనివానికిని తొలి మెట్టు. మనస్సు తిరుగనే తిరుగదని భగవానుడు అనలేదు. ఎచ్చటెచ్చటికి పోవునో అచ్చటచ్చటి నుండి మరలింపవలెనని గీత ఆరవ అధ్యాయమున చెప్పెను. ఒక గడియ వృథాయైనదని దినమంతయు విచారించుచు కూర్చుండువాడు రెండవ నష్టమును తానే తెచ్చుకొనును. నిద్రాహారములు మాని పని చేయుట కూడ ఆ అధ్యాయము ఒప్పుకొనదు.

శరకారునకు ముందుగా అవధూత ఒక కుమారిని స్మరించెను. బంధువులు ఇంట లేనివేళ ఆమెను వరించుటకై కొందరు వచ్చిరి. వారి భోజనమునకై ఆమె చాటున వడ్లు దంచుచుండగా చేతి గాజులు మ్రోగసాగెను. స్వయముగా దంచుట తెలిసినచో ఇంటి పేదరికము బయటపడునని సిగ్గుపడి, ఒక్కొక్కటే పగులగొట్టి చేతికి రెండేసి ఉంచుకొనెను. అవియు మ్రోగెను. ఒక్కొక్కటి మాత్రమే మిగిల్చిన పిదప చప్పుడాగెను. సన్న్యాసి గనుక అవధూత దీనినుండి ఏకాంతసంచారమును గ్రహించెను. గృహస్థు గ్రహింపవలసినది వేఱు. శరకారునకు సందడి వీధినుండి వచ్చినది. ఈమెకు తన చేతినుండియే వచ్చినది. నేడు ఆ గాజుల స్థానమున సెల్‌ఫోను చేరినది. ఆమె దంపు మానలేదు, గాజులన్నియు పాఱవేయలేదు. ఎన్ని ఉన్న పని సాగునో తగ్గించి తగ్గించి తెలిసికొన్నది. ఆ తెలివి ఒక్కసారిగా వచ్చినది కాదు. రెండు గాజుల వద్ద కూడ ఆమె ఒకమారు పొరబడినది.

శరకారుని ప్రక్కగా వెడలినది ఏ రాజో, ఎచ్చటికి పోయెనో అవధూత చెప్పలేదు. ఆ రాజును గూర్చి శరకారుని అడిగినను ప్రయోజనము లేకుండెడిది.